స్ట్రాట్ బ్రిడ్జ్ పికప్‌లో రెండు తీగలే నీరసంగా మోగుతున్నాయి. అయస్కాంతం పోయినట్టేనా?

పెరంబూరు స్ట్రాట్ | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది చెన్నై, పెరంబూరు. మా తెలుగు చర్చిలో పన్నెండేళ్ళుగా ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్నాను. నా స్ట్రాట్‌తో (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్) వచ్చిన మూడు ఆల్నికో పికప్‌లను, అంటే తీగల కింద ఉండి వాటి మోతను కరెంటుగా మార్చే అయస్కాంతపు భాగాలను, రెండేళ్ళ కిందట విప్పి వేరే సెట్ వేసుకున్నాను. పాతవాటిని బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టి అటక ఎక్కించాను. పోయిన వారం ఆ పాత సౌండ్ మీద మనసుపోయి, దించి మళ్ళీ బిగించాను.

మెడ వైపున్న నెక్ పికప్, మధ్యలోని మిడిల్ బాగానే ఉన్నాయి. తీగల అడుగు కొస దగ్గరున్న బ్రిడ్జ్ పికప్‌లో మాత్రం సన్న తీగలు రెండూ, బీ, హై ఈ, గోడ అవతల ఎవరో వాయిస్తున్నట్టు వినిపిస్తున్నాయి. మిగతా నాలుగూ మామూలే.

అటక వేడికి అయస్కాంతం చచ్చిపోయి ఉంటుంది, చెన్నై ఎండల్లో ఏ పికప్పూ పదేళ్ళు నిలవదు అన్నారు ఒకాయన. గిటార్‌ని ఆంప్‌కి (సౌండ్ పెంచే స్పీకర్ పెట్టెకి) ఆనించి పెట్టే అలవాటే కారణమన్నారు ఇంకొకాయన. ఒక షాపులో మూడింటినీ ఛార్జింగ్ చేసి, అంటే మళ్ళీ అయస్కాంత శక్తి ఎక్కించి, ఇస్తామంటున్నారు. మా అన్నయ్య తన మొదటి జీతంతో కొనిచ్చిన గిటార్ ఇది. తెలియక చేయి పెట్టి చెడగొట్టుకుంటానేమో అని భయం. తెలిసినవాళ్ళు చెప్పండి.

కోరస్ పెడల్ | శనివారం, రాత్రి 10:05

తీగలు కొత్తవేనా బ్రదర్? పికప్ ఒకవైపు కిందికి దిగి ఉందేమో కూడా చూడండి. చివరి ఫ్రెట్ (మెడ మీది లోహపు గీత) దగ్గర తీగ నొక్కిపట్టి, తీగ అడుగుకూ, దాని కింద పికప్‌లో ఉండే పోల్ అనే కడ్డీ పైభాగానికీ మధ్య సందు కొలవండి. స్ట్రాట్ పాత తరహా సింగిల్ కాయిల్స్‌కి (ఒకే తీగచుట్ట ఉన్న పికప్‌లకి) లావు తీగ వైపు 2.4 మిల్లీమీటర్లు, సన్న తీగ వైపు 2 మిల్లీమీటర్లు అని ఫెండర్ వాళ్ళే చెబుతారు. నాలుగు మిల్లీమీటర్లు ఉంటే ఆ తీగలు నీరసంగానే మోగుతాయి.

పెరంబూరు స్ట్రాట్ | శనివారం, రాత్రి 10:31

తీగలు నిన్ననే మార్చాను అన్నా. సందు రెండు మిల్లీమీటర్లే. ఇంకాస్త పైకి లేపి కూడా చూశాను, తేడా రాలేదు.

సాల్డర్ బాబాయ్ | ఆదివారం, ఉదయం 6:15

తమ్ముడూ, ముందు ఆ వేడి భయం వదిలెయ్. ముప్పై ఏళ్ళుగా పశ్చిమ మాంబళంలో ఆంప్‌లు, స్పీకర్లు బాగు చేస్తున్నాను. చెన్నై ఎండకు ఆల్నికో చచ్చిపోవడం ఒక్కసారి కూడా చూడలేదు.

ఆల్నికో అంటే ఇనుముకు అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన లోహం. ఆ పేరు వచ్చింది వాటి రసాయన సంకేతాల నుంచే. వేడి వల్ల అందులో అయస్కాంత గుణం పూర్తిగా పోవాలంటే 800 డిగ్రీలు దాటాలి. ఫెర్రైట్ అనే ఇంకో రకం అయస్కాంతం అయితే 450 దగ్గర పోతుంది. 2003 మే నెలలో నుంగంబాక్కంలో 45 డిగ్రీలు నమోదైంది, మన ఊరి రికార్డు అదే. మీ అటక ఎంత ఉడికినా 60 దాటుతుందా?

కానీ 60 డిగ్రీలకు కరిగేది ఒకటుంది. పికప్ లోపలి తీగచుట్ట కదలకుండా, ఈల వేయకుండా పోసే మైనం. పారఫిన్‌లో కొంచెం తేనెమైనం కలిపి పోస్తారు. ఎండలో ఆపిన కారు డిక్కీలో గిటార్ వదిలేస్తే ముందు ఆ మైనం మెత్తబడుతుంది, జిగురు అతుకులు వదులవుతాయి, పాలిష్ పాడవుతుంది. అయస్కాంతానికి మాత్రం ఏమీ కాదు. వేడి నుంచి గిటార్‌ని కాపాడుకో. అయస్కాంతం కోసం మాత్రం కాదు.

ఇప్పుడు రెండు పనులు చెయ్. మల్టీమీటర్‌తో బ్రిడ్జ్ పికప్ రెండు వైర్ల మధ్య ఓమ్‌లు కొలువు. తర్వాత తీగలన్నీ వదులు చేసి పక్కకు తప్పించి, గుండుసూదులు తీసుకుని ఒక్కో పోల్‌కి ఎన్ని వేలాడుతున్నాయో లెక్కపెట్టు.

అడయార్ శ్రుతి | ఆదివారం, ఉదయం 8:50

బాబాయ్ గారూ, ఒక సందేహం. చిన్నప్పుడు నెల్లూరులో మా బడి ల్యాబ్‌లో దండాయస్కాంతాలను చెక్కపెట్టెలో పెట్టేవారు. ఉత్తరం పక్కన దక్షిణం వచ్చేలా జతగా పెట్టి, మధ్య చెక్కముక్క, రెండు కొసలకూ మెత్తటి ఇనుప ముక్కలు పెట్టేవారు. కింద పడేస్తే సైన్స్ మాస్టారు ఊరుకునేవారు కాదు. పడితే శక్తి పోతుందనీ, ఊరికే పెట్టినా పోతుందనీ చెప్పేవారు. మరి గిటార్ పికప్‌లకు అదంతా వర్తించదా?

సాల్డర్ బాబాయ్ | ఆదివారం, ఉదయం 9:30

మంచి ప్రశ్న అమ్మా. మన భయాలన్నీ ఆ పెట్టెలోంచే వచ్చాయి.

మీ మాస్టారు చెప్పింది తప్పు కాదు. ఆ కాలపు దండాయస్కాంతాలు ఎక్కువగా మామూలు ఉక్కువి. ఉక్కు తేలిగ్గా అయస్కాంతం అవుతుంది, అంతే తేలిగ్గా మరిచిపోతుంది. సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే శక్తి తగ్గిపోతుంది. 1930ల మొదట్లో వచ్చిన రికెన్‌బ్యాకర్ ఫ్రైయింగ్ ప్యాన్ గిటార్‌లో తీగల చుట్టూ ఉన్న గుర్రపు నాడా అయస్కాంతాలు కూడా ఉక్కువే. 1931లో జపాన్‌లో తొకుషిచి మిషిమా ఇనుముకు నికెల్, అల్యూమినియం కలిపి చూశాక కథ మారింది. ఆల్నికో ఆ దారిలోనే వచ్చింది. 1954 నాటి స్ట్రాట్ ఆల్నికో రాడ్లతోనే పుట్టింది. కింద పడితే ఆల్నికో విరుగుతుంది, అంచులు రాలతాయి, గాజులా పెళుసు. శక్తి మాత్రం లెక్కలోకి వచ్చేంత పోదు. కాలం మాటంటారా, లక్ష గంటలకు, అంటే పదకొండేళ్ళకు పైగా గడిచినా, ఆల్నికో 5 కోల్పోయేది మూడు శాతం లోపే అని అయస్కాంతాలు తయారుచేసేవాళ్ళు రాస్తారు. మూడు శాతం తేడా చెవికి అందదు.

కానీ ఆ పెట్టె నేర్పిన రెండో పాఠం, జతగా ఎదురుబొదురుగా పెట్టడం, పికప్‌లకు ఇవాళ్టికీ వర్తిస్తుంది. ఆల్నికోకు నిజమైన శత్రువు ఎండా కాదు, వయసూ కాదు. ఇంకో అయస్కాంతం.

ఎమ్మారై గది | ఆదివారం, మధ్యాహ్నం 1:10

నా వృత్తి దీనికి దగ్గరది కాబట్టి నాలుగు అంకెలు చెబుతాను. ఆసుపత్రిలో స్కానింగ్ యంత్రాల పని నాది, సాయంత్రాలు గిటార్.

అయస్కాంతాన్ని ఎదురు దిశలో ఎంత బలంగా తోస్తే అది లొంగుతుందో చెప్పే కొలత ఒకటుంది, దాని యూనిట్ ఓర్‌స్టెడ్. ఆల్నికో 5కి అది 640 దగ్గర. పికప్‌ల కింద బిళ్ళల్లా అంటించే ఫెర్రైట్‌కి 2,000 పైన, నియోడిమియంకి 10,000 పైన. ఆల్నికో బలం పెద్దదే, మొండితనం తక్కువ. పక్కన ఇంతకంటే మొండి అయస్కాంతం చేరి ఎదురు తోసిందంటే ఆల్నికోనే తగ్గుతుంది.

భూమి అయస్కాంత క్షేత్రం మన దగ్గర దాదాపు 0.4 గాస్. మా యంత్రం 1.5 టెస్లా, అంటే 15,000 గాస్. గది నుంచి బయటికి వచ్చేకొద్దీ అది పడిపోతూ 5 గాస్‌కు చేరే చోట నేల మీద గీత ఉంటుంది, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు అడగకుండా ఆ గీత దాటకూడదు. దూరానికి అంత మహిమ ఉంది. విడి అయస్కాంతమైతే కాస్త దూరం దాటాక, ఆ దూరాన్ని రెండింతలు చేస్తే ప్రభావం ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

ఆంప్‌కి ఆనించడం గురించి అడిగారు కదా. స్పీకర్ అయస్కాంతం కోన్ వెనక ఉంటుంది. గిటార్ వీపు ఆంప్ వైపు ఉంటే మధ్యలో గిటార్ వీపు చెక్క, గ్రిల్ గుడ్డ, కోన్ లోతు ఉన్నాయి. అక్కడికి వచ్చేసరికి అది ఆల్నికోను కదిలించేంత ఉండదు. వెనక తెరిచి ఉన్న ఆంప్‌లో స్పీకర్ అయస్కాంతానికి పికప్ ముఖం తగిలేలా మాత్రం పెట్టకండి. విమానాశ్రయంలో, మెట్రో స్టేషన్‌లో బ్యాగులు పెట్టే స్కానర్ ఎక్స్‌రే కాబట్టి దానితో అయస్కాంతానికి ఏ సంబంధమూ లేదు.

మైలాపూర్ బాస్ | ఆదివారం, మధ్యాహ్నం 2:02

ఆంప్‌కి ఆనించిన గిటార్‌కి అసలు ప్రమాదం జారి పడటం. నా బాస్ హెడ్‌స్టాక్ అలాగే విరిగింది. స్టాండ్ కొనుక్కోండి.

పెరంబూరు స్ట్రాట్ | ఆదివారం, సాయంత్రం 5:45

చర్చి నుంచి రాగానే కొలిచాను బాబాయ్ గారూ. కొన్నప్పటి కాగితం మీద 6.0 కిలో ఓమ్‌లు అని ఉంది, మీటర్ 6.35 చూపిస్తోంది. ఇది కూడా తేడానే కదా అని టెన్షన్ పట్టుకుంది.

సూదుల సంగతి. లావు తీగల వైపు నాలుగు పోల్స్‌కీ ఒకదాని కింద ఒకటి మూడేసి వేలాడాయి. బీ పోల్‌కి ఒకటి, అదీ ఊదితే పడిపోయింది. హై ఈ పోల్‌కి ఒక్కటీ నిలవలేదు.

ఇంకో విషయం, రాయాలంటే బాధగా ఉంది. సూదుల కోసం వెతుకుతూ ఆ రేకు డబ్బా మళ్ళీ తీశాను. అడుగున ఒక మూల నాలుగు చిన్న వెండిరంగు బిళ్ళలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. మా పాప సైన్స్ ప్రాజెక్టు కోసం రిచీ స్ట్రీట్‌లో కొన్న నియోడిమియం బిళ్ళలు. ఇంట్లో ఎవరో ఆ డబ్బాలో వేసి ఉంటారు. ఇవేనా కారణం?

సాల్డర్ బాబాయ్ | ఆదివారం, సాయంత్రం 6:20

అవే. బాధపడకు, ఇది బాగయ్యే జబ్బే.

ఆ బిళ్ళలు వచ్చి ఆ రెండు పోల్స్‌కి అతుక్కుని ఉంటాయి, లేదా పక్కనే ఎదురు తిరిగి కూర్చుని ఉంటాయి. మిగతా నాలుగు పోల్స్ బాగుండటమే సాక్ష్యం. వేడి వల్లో వయసు వల్లో పోతే ఆరూ ఒకేలా పోవాలి, రెండే ఎందుకు పోతాయి?

ఓమ్‌ల గురించి కంగారు వద్దు. రాగి తీగ వేడెక్కితే దాని నిరోధం డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. కాగితం మీది అంకె ఏసీ గదిలో తీసింది, నువ్వు కొలిచింది చెన్నై సాయంత్రం. పదిహేను డిగ్రీల తేడాకి ఆరు శాతం, 6.0 కాస్తా 6.35 అవుతుంది. నీ కాయిల్ నిక్షేపంగా ఉంది. తెగి ఉంటే మీటర్ అసలు అంకె చూపించదు. అయస్కాంతం పోయిందని నా దగ్గరికి తెచ్చేవాటిలో చాలామటుకు అలా తెగిన కాయిల్స్, తుప్పు పట్టిన సాల్డర్ అతుకులే. సముద్రపు గాలికి, చేతి చెమటకి వెంట్రుక కంటే సన్నని ఆ తీగ పచ్చబడి తెగుతుంది.

మైలాపూర్ బాస్ | ఆదివారం, రాత్రి 7:15

తుప్పు సంగతి నిజం. వాయించాక పికప్ పైభాగం పొడిగుడ్డతో తుడవడం అలవాటు చేసుకున్నాక నాకు ఆ ఇబ్బంది తగ్గింది. ఫ్రెట్స్ మెరవడానికి స్టీల్ ఊల్ వాడేవాళ్ళు పికప్‌ల మీద ముందు టేప్ అంటించండి. ఆ ఇనుప నూలుపొడి పోల్స్ చుట్టూ చేరి మీసాల్లా నిలబడుతుంది, తర్వాత ఊడదీయడం నరకం.

ఇందిరానగర్ బ్లూస్ | ఆదివారం, రాత్రి 9:00

బెంగళూరు నుంచి. శక్తి పోకుండానే పోయినట్టు అనిపించిన అనుభవం నాది, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

నా గిటార్‌లో పీ-90 అనే వేరే తరహా పికప్. దుమ్ము తుడుద్దామని విప్పాను. అడుగున రెండు బార్ అయస్కాంతాలు, మధ్యలో స్క్రూల వరస. బయటికి తీసేటప్పుడు ఏది ఎటు ఉందో గుర్తు పెట్టుకోలేదు. మళ్ళీ పెట్టేటప్పుడు ఒక వైపు పెడితే రెండూ తోసుకుంటున్నాయి, తిప్పి పెడితే చక్కగా లాక్కుని కూర్చుంటున్నాయి. కూర్చున్నదే సరైనదనుకున్నాను. బిగించి వాయిస్తే సౌండ్ సగానికి సగం లేదు. నాలుగు రోజులు అయస్కాంతం పోయిందనే అనుకుని తిరిగాను. కొత్త బార్లు కొందామని ఎస్పీ రోడ్‌కి కూడా వెళ్ళొచ్చాను.

పీ-90లో రెండు బార్ల సజాతి ధ్రువాలు స్క్రూల వైపు చూడాలి. తోసుకోవడమే అక్కడ సరైన పద్ధతి. అప్పుడే స్క్రూలన్నీ ఒకే ధ్రువమై తీగలను పట్టుకుంటాయి. తిప్పేస్తే ఒక బార్ నుంచి బయల్దేరిన బలం స్క్రూలను అడ్డంగా దాటి రెండో బార్‌లోకి పోతుంది, పైకి రాదు. ఒక బార్ తిప్పి పెట్టాను, పాత సౌండ్ వచ్చేసింది. విప్పే ముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి, బార్ మీద పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోండి.

వలసరవాక్కం కుర్రాడు | సోమవారం, ఉదయం 7:40

అన్నలూ, నాది ఏడు వేల రూపాయల గిటార్. పోల్స్ మీద సూది పెడితే చాలా గట్టిగా లాగుతోంది. నాది కూడా ఆల్నికోనా? నేను కూడా భయపడాలా?

సాల్డర్ బాబాయ్ | సోమవారం, ఉదయం 8:10

ఆ ధరలో చాలావాటికి పోల్స్ ఉత్త ఇనుప ముక్కలే, అడుగున నల్లటి ఫెర్రైట్ బిళ్ళ అంటించి ఉంటుంది. పికప్ తిరగేసి చూస్తే కనిపిస్తుంది. అది ఆల్నికో కంటే మొండిది. నిశ్చింతగా వాయించుకో నాన్నా.

కోరస్ పెడల్ | సోమవారం, ఉదయం 10:25

పెరంబూరు బ్రదర్, షాపు ఛార్జింగ్ గురించి ఒక హెచ్చరిక. నాలుగేళ్ళ కింద నేను ఒకచోట ఇచ్చాను. పాత స్కూటర్ల మాగ్నెట్‌లకు ఛార్జింగ్ కొట్టే యంత్రం అది. మూడింటినీ ఒకే వైపు పెట్టి కొట్టేశారు. నా మిడిల్ పికప్ మిగతా రెండింటికీ ఎదురు ధ్రువం, తీగ చుట్టిన దిశ కూడా ఎదురే. అలా ఉంటేనే స్విచ్ రెండో స్థానం, నాలుగో స్థానంలో, అంటే పక్కపక్క పికప్‌లు రెండు కలిసి మోగేచోట, గుర్రుమనే హమ్ పోతుంది. ధ్రువం మారి చుట్టు మారకపోయేసరికి హమ్ ఎప్పటిలాగే పోయింది కానీ ఆ రెండు స్థానాల్లో సౌండ్ ముక్కుతో పాడినట్టు పలచనైపోయింది. ఒక్కో పికప్ విడిగా వింటే తప్పు తెలియదు, అందుకే కనిపెట్టడానికి నెల పట్టింది. ఎవరికిచ్చినా ముందు ధ్రువాలు రాసి ఇవ్వండి.

సాల్డర్ బాబాయ్ | సోమవారం, మధ్యాహ్నం 12:30

కోరస్ చెప్పింది ప్రాణం లాంటి మాట. తమ్ముడూ, మూడింటినీ ఎక్కడా ఇవ్వకు. బాగున్న నెక్, మిడిల్ జోలికి పోనే పోవద్దు. బ్రిడ్జ్‌లో కూడా ఆరింటినీ కొట్టించకు. నిండా ఛార్జ్ ఎక్కిస్తే నీకిష్టమైన ఆ పాత మెత్తదనం పోయి సౌండ్ గరుకెక్కవచ్చు. అయస్కాంతం మరీ బలమైతే తీగను లాగి పట్టుకుంటుంది, పై ఫ్రెట్స్‌లో స్వరం వణుకుతుంది. ఎక్కువ బలం ఉంటే ఎక్కువ బాగుంటుందని లేదు.

ముందు దిక్సూచి తీసుకో. జానెడు దూరం నుంచి మెల్లగా దగ్గరికి తీసుకురా, ఒక్కసారిగా తగిలిస్తే దిక్సూచి ముల్లే తలకిందులవుతుంది. బాగున్న నాలుగు పోల్స్ పైభాగానికి ముల్లు ఉత్తరపు కొస లాక్కుంటే పైన దక్షిణం. కాగితం మీద రాసుకో.

ఆ రెండు పోల్స్‌కి మాత్రమే సరిపోయే రెండు చిన్న నియోడిమియం దిమ్మెలు కావాలి. పోల్ పైభాగాన దక్షిణం ఉండాలంటే పైనుంచి వచ్చే దిమ్మె ఉత్తరం దానికి తగలాలి, కిందనుంచి వచ్చే దిమ్మె దక్షిణం పోల్ అడుగుకు తగలాలి. బెంచ్ వైస్ రెండు దవడలకు ఒక్కోటి అతికించి, మధ్యలో పికప్‌ని పెట్టి, రెండు సెకన్లు ఉంచి, తిప్పకుండా పక్కకు తిన్నగా లాగెయ్, బాగున్న పోల్స్ ఆ దిమ్మెల మధ్య నుంచి పోకూడదు. వేళ్ళు జాగ్రత్త, మధ్యలో పడితే రక్తం గడ్డకడుతుంది. రాడ్లను నొక్కవద్దు, కదిలించవద్దు. ఈ తరహా పికప్‌లో తీగ నేరుగా రాడ్ల మీదే చుట్టి ఉంటుంది, రాడ్డు ఒక వెంట్రుకవాసి జరిగినా తీగ తెగుతుంది. ఇన్నేళ్ళలో అయస్కాంతం వల్ల కంటే ఇలా నొక్కి చంపిన పికప్‌లనే ఎక్కువ చూశాను, అది తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

నీ దగ్గర వైస్ లేకపోతే ఆదివారం ఆరాధన అయ్యాక పికప్ పట్టుకుని రా, నా బల్ల మీద చేసుకుందాం.

అడయార్ శ్రుతి | సోమవారం, మధ్యాహ్నం 1:05

బాబాయ్ గారూ, సాల్డరింగ్ గన్‌తో కూడా ప్రమాదమేనా? పిస్తోలులా ఉంటుంది, ట్రిగ్గర్ నొక్కితే వేడెక్కేది.

సాల్డర్ బాబాయ్ | సోమవారం, మధ్యాహ్నం 1:40

అవునమ్మా. దాంట్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, కొన దగ్గర పెద్ద కరెంటు పారుతుంది. దానివల్ల అటూ ఇటూ మారే క్షేత్రం పుడుతుంది. ఆల్నికో పక్కన అది వద్దు. పెన్నులాంటి మామూలు ఐరన్ వాడు, దాని వేడి వైర్ కొసకే, అయస్కాంతం దాకా చేరదు.

పెరంబూరు స్ట్రాట్ | తర్వాతి ఆదివారం, రాత్రి 8:55

బాబాయ్ గారింటికి వెళ్ళొచ్చాను. దిక్సూచి పెడితే నాలుగు పోల్స్‌కి ముల్లు ఉత్తరపు కొస వచ్చి అతుక్కుంది, బీ పోల్‌కి మెల్లగా తిరిగింది, హై ఈ పోల్ దగ్గర ఎటూ తేల్చుకోలేక ఊగుతూ ఉండిపోయింది. అది చూస్తుంటే గుండె కలుక్కుమంది. దిమ్మెల మధ్య నుంచి లాగాక రెండు పోల్స్‌కీ మూడేసి సూదులు నిలిచాయి. ఆయన భార్య కాఫీ ఇచ్చేలోపే పని అయిపోయింది. సాల్డర్ చేసి అక్కడే వాయించాను. బీ తీగ మీద బెండ్ చేస్తే మిగతా తీగలతో సమానంగా పాడింది. మధ్య స్థానాల్లో కూడా పలచదనం లేదు, ధ్రువం సరిగ్గానే ఉంది.

విప్పిన సెట్‌ని ఈసారి చెక్కపెట్టెలో పెట్టాను. ఒక్కోదాన్ని స్పాంజ్‌లో చుట్టి, మధ్య నాలుగు వేళ్ళ దూరం ఉంచి, ధ్రువాలు రాసిన చీటీ లోపల వేశాను. పాప బిళ్ళలు వంటింట్లో ఫ్రిజ్ తలుపు మీదకు వెళ్ళాయి. అన్నయ్యకు ఫోన్ చేసి వినిపించాను.

వలసరవాక్కం కుర్రాడు | తర్వాతి ఆదివారం, రాత్రి 9:20

సంతోషం అన్నా! ఇంకొక్క డౌట్. నా ఫోన్ కవర్ వెనక గుండ్రంగా అయస్కాంతం ఉంది. పాటల కోర్డ్స్ చూడటానికి ఫోన్‌ని గిటార్ మీదే పెడుతుంటాను. ఫెర్రైట్ అయితే పర్లేదన్నారు కదా, ఫ్రెండ్ ఆల్నికో గిటార్ మీద పెడితే?

ఎమ్మారై గది | తర్వాతి ఆదివారం, రాత్రి 9:34

ఆ ఉంగరంలో ఉన్నది నియోడిమియమే. పికప్ మీద పెట్టకు తమ్ముడూ, నీ గిటార్‌లో అయినా, ఫ్రెండ్ గిటార్‌లో అయినా. మైక్ స్టాండ్‌కి బిగించే ఫోన్ హోల్డర్ దొరుకుతుంది, జానెడు దూరంలో ఉంటే చాలు.